జిడ్డు పట్టిన కొక్కెం

వీధిలో అందరూ అతన్ని ఎదురుగా మేస్త్రీ అనేవారు, అటు తిరగగానే చీదర అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. టీ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడందే పెదవికి తాకించడు. చూశాక తాగినా, తాగినంతసేపూ మొహం చిట్లించుకునే ఉంటాడు. ఇంకొకరి చెవి వెనక నుంచి తీసిన పెన్సిల్ అందిస్తే, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, గీత గీయడం అవగానే చేతులు కడుక్కుంటాడు. పని మాత్రం అంత శుభ్రంగానూ ఉండేది. అతను అతికిన చెక్కల మధ్య గోరు కూడా దూరేది కాదు.

అలాంటివాడు బతుకంతా బావ దగ్గరే పని చేయాల్సి వచ్చింది.

బావంటే అక్క భర్త. మనిషి మంచివాడే, నవ్విస్తాడు, ఒళ్ళు దాచుకోకుండా కష్టపడతాడు. శుభ్రం ఒక్కటే అతని దరిదాపులకు రాలేదు. గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పళ్ళ మధ్యకు తెచ్చి, తడితడిగా బావమరిది చేతిలో పెట్టేవాడు. ముక్కు తుడుచుకున్న చేత్తోనే అతుకు దగ్గర కారిన జిగురు సరిచేసి, "చూడరా, ఎలా పట్టిందో" అని మురిసిపోయేవాడు. ఏది పట్టిందో ఆలోచించడం చీదరకు ఇష్టం లేదు.

ఇంటి ముందుగదే వర్క్‌షాపు. గది మధ్యలో టేబుల్ రంపం. కోసిన పలక అవతలి వైపు నేల మీద పడిపోకుండా రంపం వెనక అంచుకు బిగించిన ఒక మడత బల్ల. దాన్ని ఎత్తి నిలబెడితే ఇంట్లోకి వెళ్ళే గుమ్మం దాకా వచ్చేస్తుంది. ఆ గుమ్మంలో నిలబడి, తోసుకొచ్చే పలకల్ని అందుకునేది అక్క. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చి నిలబడుతుంది, మాడు వాసన తగిలితే లోపలికి పరుగెడుతుంది, మళ్ళీ వస్తుంది. చెక్కంతా వెనక గదిలో ఉండేది కాబట్టి మగవాళ్ళు లోపలికి వెళ్ళాలంటే బల్ల దించాలి, వచ్చాక ఎత్తాలి. రోజంతా ఇదే తంతు.

మొదట్లో ఆ బల్లకు నట్టూ బోల్టూ ఉండేవి. ప్రతిసారీ వంగి నట్టు తిప్పలేక బావ తనే ఒక లాకు చేశాడు. బల్ల కింద నుంచి రంపం కాలి దాకా ఏటవాలుగా ఒక ఇనపకడ్డీ, కడ్డీ చివర కొక్కెం. రంపం కాలికి బిగించిన ఇనపపట్టీలో ఒక గాడి. కొక్కెం గాడిలో పడితే బల్ల నిలుస్తుంది. కాలి బొటనవేలితో కొక్కేన్ని పైకి ఒక్క తన్ను తంతే బల్ల వాలిపోతుంది. వంగక్కర్లేదు, చేతిలో చెక్క కింద పెట్టక్కర్లేదు. ఆ లాకును బావ కన్న కొడుకులా చూసుకున్నాడు. వచ్చినవాళ్ళందరినీ, "ఎక్కి కూర్చోండి, పరవాలేదు, ఇద్దరూ ఎక్కండి" అని బల్ల మీద కూర్చోబెట్టేవాడు. బల్ల కదిలేది కాదు. అదే అతని పరీక్ష. మధ్యాహ్నం భోజనం కూడా దాని మీదే బాసింపట్టు వేసుకుని కానిచ్చేవాడు. మెతుకులు ఆ సందుల్లోనే ఎండేవి.

కొక్కెం కిర్రుమన్నప్పుడల్లా వంటింట్లో మూకుట్లో మిగిలిన నూనె తెచ్చి పోసేవాడు. అందులో రంపపు పొట్టు పడేది. పొట్టు మీద మళ్ళీ నూనె. కొన్నాళ్ళకు అక్కడ నల్లగా, మెత్తగా, కంపు కొడుతూ ఒక ముద్ద తయారైంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వాసన రంపం ఇవతల ఉన్న చీదర దాకా వచ్చేది. అతను ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడు. అక్క నవ్వేది. "నీ ముక్కుకి మా ఇల్లు ఎప్పుడు నచ్చిందిరా" అనేది.

అతనికి వాసన ఒక్కటే కాదు, ఆ లాకు మీదే నమ్మకం లేదు. లాకు పెట్టిన కొత్తలో ఒకసారి ఎవరూ ముట్టుకోకుండానే బల్ల దానంతట అది వాలిపోవడం చూశాడు. ఆ సమయానికి అక్క వంటింట్లో ఉంది. లేకపోతే ఏమయ్యేదో అతనికి తెలుసు. బల్ల వాలితే పలక జారుతుంది, జారే పలకను పట్టుకోబోయిన చెయ్యి దాని వెంట ముందుకే పోతుంది. ముందర బ్లేడు. ఆ మాట బావతో చెప్పాడు, అక్కతో చెప్పాడు. కానీ గ్లాసు బాగాలేదు, జిగురు బాగాలేదు, తలుపు గడియ బాగాలేదు అని రోజూ అనేవాడు లాకు బాగాలేదంటే ఎవరు లెక్కచేస్తారు? నీకు ఏది బాగుందో అది చెప్పు, వింటాను అన్నాడు బావ.

ఒకరోజు అక్కా బావా బీరువా అప్పజెప్పడానికి వెళ్ళారు. ఇల్లు ఖాళీ. చీదర ఇక ఆగలేకపోయాడు. కిరోసిన్ డబ్బా, అరిగిన పళ్ళ బ్రష్షు, గుడ్డపీలికలు తెచ్చుకుని బల్ల కింద దూరాడు. ముద్దను గీకుతుంటే పొరలు పొరలుగా వచ్చింది. అందులో బొద్దింక కాళ్ళున్నాయి, వెంట్రుకలున్నాయి, ఎప్పటివో మెతుకులున్నాయి, పళ్ళగాట్లు పడ్డ మేకు కూడా ఒకటుంది. మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్ళి గాలి పీల్చుకొచ్చాడు. అయ్యేసరికి కొక్కెం కొత్త చెంచాలా మెరిసింది. తన జన్మలో చేసిన మంచి పని ఇదొక్కటే అన్నంత తృప్తి కలిగింది.

మర్నాడు పొద్దున బావ రంపం ముందు నిలబడ్డాడు, అక్క గుమ్మంలో నిలబడింది. మొదటి పలక చక్కగా వెళ్ళింది. రెండోది ఎంచుకోవడానికి బావ కాస్త తాత్సారం చేశాడు. రంపం ఉత్తినే తిరుగుతోంది. రెండో పలక సగం దాటి బల్ల మీద ఆనిందో లేదో, బల్ల ధబ్బున వాలింది. పలక జారింది, అక్క దాని వెంటే ముందుకు తూలింది. చీదర స్విచ్ మీద పడ్డాడు. బ్లేడు కీచుమంటూ ఆగేసరికి అక్క అరచెయ్యి రంపం మీద బోర్లా పడి ఉంది, వేళ్ళ చివరలకూ బ్లేడు పళ్ళకూ మధ్య ఇంకో చెయ్యి పట్టేంత చోటు. గడ్డం పలకకు తగిలి తోలు లేచింది, అంతే.

బావ వంగి చూశాడు. మెరుస్తున్న కొక్కెం కనిపించింది.

"ఇన్నాళ్ళూ లేనిది ఇవాళే ఎందుకు ఊడిందో చూశావా?" అన్నాడు బావ. "బంగారం లాంటి లాకు. తోమి పెట్టావు."

అక్క గడ్డానికి గుడ్డ అదుముకుంటూ తమ్ముడి వైపు చూసింది. "నీ శుభ్రం నీ దగ్గర పెట్టుకోకూడదుట్రా?" అంది.

బావ ఎన్నన్నా చీదర దులిపేసుకునేవాడే. అక్క మాట మాత్రం దిగబడింది. ఎంత కడిగినా చేతులు కిరోసిన్ కంపే. ఇన్నేళ్ళూ అందరినీ చూసి ముడుచుకున్న ముక్కు మొదటిసారి తన చేతుల్నే చూసి ముడుచుకుంది. అయినా లెక్క కుదరలేదు. మురికి తీస్తే ఇనుము ఎందుకు పట్టు తప్పుతుంది?

మర్నాడు రంపాన్ని ఉత్తినే తిప్పి, పొట్టులో, ఆ నేల మీద, చెంప ఆనించి పడుకుని చూశాడు. కొక్కెం వణుకుతోంది. వణికినప్పుడల్లా గాడిలోంచి వెంట్రుకవాసి పైకి ఎక్కుతోంది. చేత్తో బల్లను నొక్కితే చప్పున గాడిలోకి దిగి బిగుసుకుంటోంది. వదిలేస్తే మళ్ళీ ఎక్కడం. అప్పుడు అర్థమైంది. మనుషులు ఎక్కి కూర్చున్నంతసేపూ ఆ లాకు ఊడదు. బల్ల ఖాళీగా ఉన్నప్పుడే ఊడుతుంది. బావ ఏనాడూ ఖాళీ బల్లను పరీక్షించలేదు. ఇక ఆ ముద్ద, జిగురులా కొక్కేన్ని గాడికి అంటించి ఉంచింది. అంటే ఇన్నాళ్ళూ అక్క చేతుల్ని కాపాడింది బావ తెలివి కాదు, మాడిన నూనె. ఆ సంగతి తెలిశాక చీదరకు ఇంకా రోత పుట్టింది.

చెబితే బావ వినకుండా ఎగిరి బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళు ఊపుతూ, ఏదీ ఊడమను చూద్దాం అన్నాడు.

"మీరు దిగితేనే ఊడుతుంది బావా."

"ఎవరూ లేని బల్ల ఊడితే ఏంటి, ఊడకపోతే ఏంటిరా? లాకు పెట్టింది బరువుకి కదా."

"బరువు వచ్చేది ఆ తర్వాతే కదా."

భోజనం వేళ అయింది. అక్క కంచం తెచ్చి గుమ్మంలో ఆగింది. చీదర బావను దింపి, రంపం తిప్పి వదిలేశాడు. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. బల్ల నిక్షేపంగా నిలబడే ఉంది. బావ నవ్వాడు. అక్క చేతిలో కంచం అందుకుని, తన రోజువారీ చోటే కదా అని బల్ల మీద పెట్టాడు. బల్ల వాలింది. కంచం బోర్లా పడి పొట్టులో దొర్లింది.

రంపం ఆపాక బావ కింద కూర్చుని, కలిపిన ముద్దల్ని ఏరి, ఉఫ్ అని ఊది, ఒకటి నోట్లో వేసుకున్నాడు. చీదర గోడ వైపు తిరిగిపోయాడు.

"పొట్టే కదరా, విషమా?" అన్నాడు బావ నములుతూ. "నువ్వన్నదీ నిజమేలే. నూనె పోసి పొట్టు చల్లి నాలుగు రోజులాగితే మళ్ళీ పట్టేస్తుంది."

చీదర ఏదో అనబోయాడు. ఈలోగా అక్క బల్ల ఎత్తి నిలబెట్టి, తను గుమ్మంలోంచి ఇవతలికి వచ్చేసింది. గడ్డం మీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

"ఆ నాలుగు రోజులూ వెనకాల మీరు నిలబడండి," అంది మొగుడితో. "మీ లాకే కదా."

బావ తేలిగ్గా నవ్వుతూ వెళ్ళి నిలబడ్డాడు. చీదర పలక తోశాడు. మొదటిది అందుకున్నాక బావ వంగి కొక్కెం వైపు చూశాడు. రెండోదానికి ముందు మళ్ళీ చూశాడు. మూడోదాని వేళకు, పలక లేనప్పుడు కూడా బల్ల మీద పొట్ట ఆనించి, రెండు చేతులూ చాచి వాలిపోయాడు, ఖాళీగా ఉంటే ఊడుతుంది కాబట్టి. అక్క స్టూలు మీద కూర్చుని బియ్యం ఏరుతూ చూస్తోంది. పొద్దు వాలకముందే బావ చెమట తుడుచుకుంటూ ఇవతలికి వచ్చి, ఆ కొక్కేనికి అడ్డంగా చీల ఏదైనా వేస్తే ఎలా ఉంటుందంటావు అని బావమరిదినే అడిగాడు, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు.

చీదర కొక్కేనికీ పట్టీకీ కలిపి కన్నం వేసి, అందులో బిగువుగా దిగే ఉక్కు చీల చేసి, పడిపోకుండా గొలుసు కట్టాడు. అక్క తనే దూర్చి, లాగి, రంపం ఉత్తినే తిప్పించి, కొక్కెం వెంట్రుకవాసి కూడా కదలకపోవడం చూశాక మళ్ళీ గుమ్మంలో నిలబడింది.

గొలుసు కాలికి తగులుతోందని వారంలోనే బావ తెంపేశాడు. బల్ల దించినప్పుడల్లా చీల తీసి, చేతుల్లో చెక్క ఉంటుంది కాబట్టి పళ్ళ మధ్య పెట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. వచ్చి బల్ల ఎత్తాక దాన్ని నోట్లోంచి తీసి, "ఇదిగోరా నీ చీల" అని అందించేవాడు. వెచ్చగా, తడిగా ఉండేది. చీదర మొహం పక్కకు తిప్పుకుని రెండు వేళ్ళతో పుచ్చుకునేవాడు. వంగి కన్నంలో దూర్చి, ఊడుతుందేమో లాగి చూసి, అక్కకు తలూపి, ఆ తర్వాతే చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవాడు.