మేకల బేరగాడి బండి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, ములకలపల్లి వైపు నన్ను ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసరుగా వేశారు. మా శాఖలో అడవిని బీట్లుగా పంచుతారు. ఒక్కో బీటుకు ఒక బీట్ ఆఫీసర్, కొన్ని బీట్ల మీద సెక్షన్ ఆఫీసర్, ఆ పైన రేంజర్. నేను చేరేసరికి బీట్ ఆఫీసర్ రాధ ఉద్యోగం పోయేలా ఉంది. దగ్గరి అడవి పల్లె అమ్మాయి, వాళ్లింట్లో మొదటి ఉద్యోగం. ఆమె బీటులో పట్టపగలే టేకు చెట్లు పోతున్నాయి. మొద్దుల చుట్టూ ముతక పొట్టు, ఆయిల్ మరకలు. అంటే మెషిన్ రంపం. దాని మోత చాలా దూరం వినపడుతుంది. అక్కడే తిరిగే మనిషికి వినపడలేదంటే దొంగలతో కుమ్మక్కయినట్టేనని రేంజర్ మెమో ఇచ్చాడు. తర్వాతి మెట్టు సస్పెన్షన్.

"నిజంగ ఇనపడలే సార్. ఆ బండి మోత తప్ప ఇంకేం ఇనపడలే" అన్నది రాధ.

ఏ బండి అని అడిగాను. పెనుబల్లి వైపు నుంచి వచ్చే మేకల బేరగాడు సైలెన్సర్ లేని మోటార్‌సైకిల్ మీద బండ్లబాటలో తిరుగుతుంటాడట. ఆమె ఆపి సంచులు దులిపించినా ఏమీ దొరకలేదు. సైలెన్సర్ లేకపోవడం పోలీసుల, రవాణా శాఖ కేసు, మాది కాదు. అందుకే వదిలేసింది.

కుర్రాళ్లు సైలెన్సర్ పీకి తిరగడం ఎక్కడైనా ఉన్నదే. నెరిసిన మీసాల మనిషికి ఆ సరదా ఏమిటి? పైగా మేకలు కొనేవాడు పల్లెల్లో తిరగాలి గాని, ఒక్క ఇల్లూ లేని టేకు ప్లాంటేషన్ చుట్టూ ఎందుకు? ఇలాంటివి తెలుసుకోకపోతే నాకు తోచదు.

మర్నాడు రాధను, ఇద్దరు అడవి కాపలా వాచర్లను వెంటబెట్టుకుని వెళ్లి అతన్ని ఆపాం. రాయి తగిలి ఊడిందని, సత్తుపల్లిలో వేయిస్తానని వినయంగానే చెప్పాడు. ఇంజిన్ మాత్రం ఆపడు. మాట్లాడుతూనే రేజ్ చేస్తున్నాడు. చెవులు చిల్లులు పడుతుంటే విసుగొచ్చి తాళం నేనే తిప్పాను.

బండి మోత ఆగింది. చెట్ల లోపల నుంచి మరో ఇంజిన్ వినపడుతూనే ఉంది. కోసేవాడికి తన రంపం మోతలో బండి ఆగిన సంగతి తెలియలేదు.

"ఇప్పుడు ఇనపడుతుందా సార్?" అన్నది రాధ. నా జవాబు కోసం ఆగకుండా వాచర్లతో అటు పరుగెత్తింది. సగం తెగిన చెట్టులో రంపం ఇరుక్కుపోయింది, కోసేవాళ్లు దొరికారు.

రేంజర్ మెమో వెనక్కి తీసుకున్నాడు. ఆమెకు ఒక మంచి మాట కూడా చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

బండిని ఆపితే సరుకేముందో చూడడం మాకు నేర్పిన పద్ధతి. అతను మోస్తున్న సరుకు ఆ మోతే. రిటైరయ్యేదాకా ఏ బండి ఆపినా ముందు ఇంజిన్ ఆపించి, కాసేపు విని, ఆ తర్వాతే సంచులు విప్పించాను.