ఎదురింటి రౌటరు

మా ఇంట్లో వై-ఫై రౌటరు బీరువా మీద ఉండేది. దుమ్ము తుడవడానికి తప్ప దాన్ని నేను ముట్టుకున్నది లేదు. ఢిల్లీలో పాలం దగ్గర మా సందులో కోతులు కేబుళ్లు పట్టుకుని ఊగేవి కాబట్టి, నెట్ పోయిన ప్రతిసారీ నేరం వాటి మీద వేసేసి ఊరుకునేవాళ్లం. ఒకరోజు పాస్‌వర్డు మారుద్దామని ఫోనులో ఆ కంపెనీ యాప్ తెరిస్తే, ‘ఈ సేవ నిలిపివేయబడింది’ అని ఒక్క ముక్క కనిపించింది. ఆ మోడల్‌ని కంపెనీ వదిలేసిందట. పెట్టె దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, నెట్ వస్తూనే ఉంది. దానికి ఏదైనా చెప్పడానికి మాత్రం దారి లేదు.

నాకు ఒళ్లు మండింది. పెట్టె మాది, కరెంటు మాది, ఉన్నది మా బీరువా మీద. దాని పాస్‌వర్డు మార్చాలంటే ఎక్కడో ఉన్న వాళ్ల కంప్యూటరు ఒప్పుకోవాలా?

“పోనిద్దూ, కొత్తది కొందాం” అన్నారు మావారు. ఎయిర్‌ఫోర్సులో ఇరవయ్యేళ్లు చేసి, రిటైరై, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆయనకు ఏ వస్తువైనా పనిచేస్తే చాలు, ఎలా పనిచేస్తుందో అక్కర్లేదు. నాకు అది తెలియకపోతే నిద్రపట్టదు. నేను స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. బోర్డు మీద మబ్బు బొమ్మ గీసి, ఇది క్లౌడ్ అని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో లెక్కలేదు. ఆ మబ్బులో ఏముందని ఒక్క పిల్ల గట్టిగా అడిగుంటే నా బండారం బయటపడేది.

నెట్‌లో వెతగ్గా వెతగ్గా, ఇలాంటి పెట్టెల కోసం ఎవరెవరో కలిసి సొంతంగా సాఫ్ట్‌వేర్ రాశారని తెలిసింది. ఓపెన్ సోర్స్. అంటే లోపలి రాతంతా బయటే పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. పాతది తీసి ఇది ఎక్కించే అయిదు నిమిషాల్లో కరెంటు పోతే పెట్టె ఇక దేనికీ పనికిరాదని కూడా వాళ్లే హెచ్చరించారు. జూన్ నెల, ఢిల్లీ కరెంటు. రౌటరుని ఇన్వర్టరుకు తగిలించి, ఆ కాసేపూ మావారిని ఫ్యాను కూడా వేసుకోనివ్వలేదు. ఆయన బనియను తడిసి ముద్దయ్యే వేళకి పెట్టె మళ్లీ కళ్లు తెరిచింది. చంటిపిల్ల మొదటిసారి నవ్వితే ఎలా ఉంటుందో అలా అనిపించింది నాకు, సిగ్గులేకుండా చెబుతున్నాను.

తరవాత ఇంకో సాఫ్ట్‌వేర్ దొరికింది. అదీ ఓపెన్ సోర్సే. దాన్ని ఒక అద్దె సర్వరులో పెట్టుకుంటే, ఎన్ని ఇళ్ల రౌటర్లనైనా ఒక్కచోట నుంచి చూసుకోవచ్చు, సరిచేసుకోవచ్చు. నేను బొమ్మ గీసిన మబ్బు ఇదేనన్నమాట, ఎవరి గదిలోనో నడుస్తున్న ఒక కంప్యూటరు. ఈసారి అందులో ఏం జరుగుతోందో నేను చదువుకోగలను, అంతే తేడా.

ఎన్ని ఇళ్లనైనా అంటే, నాకు రెండో ఇల్లు ఎదురుగానే ఉంది. సందుకి అవతలి బిల్డింగులో, మూడో అంతస్తులో కడప అమ్మాయి ఒకతి ఉండేది. పెళ్లయి రెండేళ్లు. భర్త ఆర్మీలో జవాను. ఢిల్లీలో ఉండగా కాపురం పెట్టి, తరవాత పైన మంచుకొండల్లో డ్యూటీ పడితే వెళ్లాడు. కుటుంబాలను తీసుకెళ్లే చోటు కాదది. ఇక్కడ బ్లడ్ టెస్టులు చేసే ల్యాబులో ఉద్యోగం ఉంది కనక ఆ పిల్ల ఇక్కడే ఉండిపోయింది. వాళ్ల రౌటరు వారానికోసారి మొరాయించేది. “అక్కా, నెట్ పోయింది, రాక్కా” అని బాల్కనీలోంచి కేకేస్తే, నేను సందు దాటి, లిఫ్టు లేని ఆ మూడంతస్తులూ మోకాలు పట్టుకుని ఎక్కేదాన్ని. ఆ మెట్లు తప్పించుకోవడానికే వాళ్ల పెట్టెకీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి నా జాబితాలో కలుపుకున్నాను.

ఆ జాబితా సంగతి కొంచెం చెప్పాలి. రౌటరుకి ఏ ఫోను తగులుకున్నా అందులో ఒక వరస వస్తుంది. లైనులో ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క, పక్కన చివరిసారి ఎప్పుడు కనిపించిందో ఆ తేదీ. మెషీను ఇచ్చే పేర్లు అంకెలూ అక్షరాలూ కలిసిపోయి గజిబిజిగా ఉంటే, ఆ పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు మార్చాను. ‘నా ఫోను’, ‘టీవీ’, ‘మా ఆయన’. అప్పుడతను సెలవు మీద వచ్చి ఉన్నాడు, చుక్క ఆకుపచ్చగా ఉంది. నెల తిరక్కుండా ఎర్రబడింది.

అక్కడ ఫోను పనిచేయదు. వాళ్ల యూనిట్ ఫోను నుంచి ఎప్పుడో ఒకసారి నాలుగు మాటలు మాట్లాడేవాడు. ల్యాబుకి వెళ్తూ నేను కనిపిస్తే చాలు, ఈ పిల్ల నవ్వుతూ అడిగేది.

“ఏమక్కా, మా ఆయన కనపడినాడా?”

“లేదే, ఇంకా ఎర్రగానే ఉన్నాడు.”

“ఉండనీలే. పేరు మాత్రం తీసేయాకు.”

వేళాకోళమే. కానీ ఒకరోజు కూడా అడగడం మానలేదు. అలాంటప్పుడే నాకో సందేహం వచ్చింది. చాలాకాలం కనిపించని వరసలను ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తనే చెరిపేస్తుందా? సెట్టింగుల్లో ఎక్కడా లేదు. రెండు ఆదివారాలు దాని లోపలి రాత చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో, కొన్నాళ్లు కనిపించని వాటిని తుడిచిపెట్టే ఒక చిన్న ముక్క దొరికింది. దాన్ని వాడేవాళ్ల ఫోరంలో అడిగితే ఎవరో ఓపిగ్గా దారి చెప్పారు. ఎన్నాళ్లైనా తుడవద్దని రాసి పెట్టాను. మావారు టీ గ్లాసుతో వెనక నిలబడి చూస్తూ, “మన గుమ్మం చాలదూ, వాళ్ల గుమ్మం కూడా నువ్వే కాయాలా?” అన్నారు. నిజానికి ఆ పనిలో నాకు గొప్ప సరదాగా ఉంది. ఎదురింట్లో టీవీ ఎప్పుడు వెలిగిందో, పిల్ల డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చిందో కదలకుండా తెలుస్తుంటే, ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. ఇది తప్పేమో అని ఒకటి రెండుసార్లు అనిపించింది, కానీ చూడటం మానలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం. ఢిల్లీలో అందరిలాగే ఆ నెలలో మేమూ పచ్చి బఠాణీలు కిలోలకొద్దీ కొని, ఒలిచి, ఫ్రీజర్లో దాచుకుంటాం. మా డాబా మీద ఎండలో చాప వేసుకుని నేనూ ఆ పిల్లా ఒలుస్తున్నాం. పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని వాళ్ల రౌటరుకి కొత్త వెర్షన్ పంపాను. ఇలా పంపినప్పుడు పెట్టె ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది. కొత్త వెర్షన్ పడకపోతే పాత దానికే వెనక్కి వెళ్తుంది. లేస్తుందా, వెనక్కి వెళ్తుందా అని స్క్రీను వంకే చూస్తున్నాను. ముందు వాళ్ల ఇంటి చుక్కలన్నీ ఎర్రబడ్డాయి. రెండు నిమిషాలకి పెట్టె లేచింది. ఆ పిల్ల ఆపకుండా వదిలేసి వచ్చిన టీవీ పచ్చబడింది. దాని కింద ‘మా ఆయన’ పచ్చబడ్డాడు.

ముందు సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాను. కొత్త వెర్షన్‌లో ఏదో తేడా వచ్చి పాత వరసలన్నీ కలిపేసిందేమో అనుకున్నాను. పేజీ మళ్లీ తెరిచాను. టైము చూశాను, ఇప్పుడే. సిగ్నలు చూశాను, తలుపు దగ్గరే ఉన్నంత గట్టిగా ఉంది. అంతా సరిపోయింది. ఇక నోరు ఆగితేనా?

“ఏయ్! మీ ఆయన వచ్చేశాడే!”

ఆ పిల్ల నా మొహం వంక చూసింది, స్క్రీను వంక చూసింది. ఒళ్లో గిన్నె ఎగిరి బఠాణీలన్నీ డాబా అంతా దొర్లాయి. చెప్పులు కూడా వేసుకోలేదు. మా మెట్లు దిగి, సందు దాటి, వాళ్ల గేటులోకి దూరిపోయింది. నేను అక్కడే నిలబడి నవ్వుకుంటున్నాను. ఇంత దూరాన కూర్చుని ఒక మనిషి రాకని భార్యకంటే ముందు కనిపెట్టానని, చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉంది. డబ్బాలో పంచదార చిన్న గిన్నెలో పోసుకుని, నోరు తీపి చేద్దామని నెమ్మదిగా బయల్దేరాను.

మూడో అంతస్తు చేరేదాకా నాకు ఏ మాటలూ వినబడలేదు. తాళం వేసి ఉన్న తలుపు ముందు ఎవరో కుర్రజవాను నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర ఒక పెద్ద కిట్ బ్యాగు. చేతిలో ఫోను. ఆ పిల్ల గోడకి ఆనుకుని ఆ ఫోను వంకే చూస్తోంది.

“భాభీజీ, భాయీసాబ్ ఠీక్ హై. పైర్ మే చోట్ హై, బస్” అంటున్నాడతను. అన్న బాగానే ఉన్నాడు, కాలికి దెబ్బ, అంతే అని. నన్ను చూసి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. మంచులో జారి పడి తొడ ఎముక విరిగిందట. పడ్డవాణ్ణి పడ్డట్టే హెలికాప్టర్లో దింపారు, ఫోనూ సామానూ పైనే ఉండిపోయాయి. ఇప్పుడు ఢిల్లీలోనే ఆర్మీ ఆసుపత్రిలో ఉన్నాడు. ఫోనులో చెబితే భయపడుతుంది, మనిషివి వెళ్లి చెప్పి వెంటపెట్టుకురా అని ఆమె భర్తే ఆసుపత్రి నుంచి యూనిట్‌కి ఫోను చేసి అడిగితే, సెలవు మీద ఇంటికి పోతున్న ఈ స్నేహితుడు బ్యాగు తీసుకుని ముందు ఇక్కడికి వచ్చాడు. ఆసుపత్రిలో పనికొస్తుందని రైల్లో ఆ ఫోనుకి చార్జింగు కూడా పెట్టాడు.

పంచదార గిన్నెని చున్నీ కింద దాచుకున్నాను. వచ్చింది ఫోను. మనిషి వచ్చాడని చెప్పింది నేను. సాఫ్ట్‌వేర్ ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఆటోలో ఆసుపత్రికి నేనూ వెళ్లాను. దారి పొడుగునా ఆ పిల్ల నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తరవాత కూడా అంతే. ల్యాబు, ఆసుపత్రి, ఇల్లు. ఎదురుపడితే తల ఊపి వెళ్లిపోయేది. కనపడినాడా అని అడిగేవాళ్లు లేక పొద్దున్నపూట నాకు ఏదో వెలితిగా ఉండేది. ఆ వెలితి గురించి ఎవరితోనైనా చెప్పుకునే మొహం కూడా నాకు లేదు. ఆపరేషన్ అయింది, నడుస్తాడన్నారు అని మావారే ఎక్కడో విని వచ్చి చెప్పారు.

పదో రోజున ఇక ఉండబట్టలేక వెళ్లాను. వాళ్ల ఇంటి రౌటరుని నా జాబితాలోంచి తీసేసి, ఆ పిల్లకి మాత్రమే కనిపించేలా వేరే ఖాతా చేసి, ఎలా చూసుకోవాలో తెలుగులో రాసి తీసుకెళ్లాను. మూడంతస్తులూ ఎక్కాను. కాగితం చేతిలో పెట్టి, “నాదే తప్పు. ఇక నాకు మీ ఇల్లు కనిపించదు” అన్నాను.

కాగితం వంక చూడకుండానే టేబుల్ మీద పెట్టింది.

“నువ్వు చెప్పినందుకు కాదక్కా నాకు కోపం.”

“మరి?”

“ఆ పొద్దు రెండో అంతస్తు మెట్ల కాడ నిలబడినా. జడ సరిచేసుకున్యా. చున్నీతో మొగం తుడుచుకున్యా. నవ్వుకుంటా పైకెక్కినా. ఎనిమిది నెలల నుంచి ఆయన కోసం పెట్టుకున్న మొగం అక్కా అది. ఎవరో చూసినాడు. పాపం, ఆయప్పే సిగ్గుపడి తల దించుకున్యాడు. ఇంగ ఆయన వచ్చేనాటికి ఆ మొగం నాకు మళ్లీ వస్తాదో రాదో.”

నాకు ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను కూడా. ఆ పిల్లే టీ పెట్టి ఇచ్చింది.

ఇంకో మూడు వారాలకి ఒక మధ్యాహ్నం సందులో ఆర్మీ అంబులెన్సు ఆగింది. నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. ఇద్దరు మనుషులు చేతికర్రలు కిందికి దించుతున్నారు. ఎదురు బిల్డింగు మెట్ల దగ్గర గోడకి జాలీ పెట్టి ఉంటుంది, మా బాల్కనీలోంచి అంతా కనబడుతుంది. ఆ పిల్ల గబగబా దిగి వస్తోంది. రెండో అంతస్తు దగ్గర ఆగింది. చెయ్యి జడ మీదికి వెళ్లింది.

నేను బట్టలు అక్కడే వదిలేసి లోపలికొచ్చి కర్టెను లాగేశాను.

“వచ్చాడా? ఎలా ఉన్నాడు?” అడిగారు మావారు.

“నేను చూడలేదు” అన్నాను.

ఆయన నమ్మలేనట్టు నా వంక చూశారు.