నర్సమ్మగారు ఇప్పించిన సెలవు

పాప దగ్గు మందు కోసం మొన్న ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళితే నర్సమ్మగారి కుర్చీలో వేరే ఆవిడ కూర్చుని ఉంది. మందులిచ్చే ఆయన తలెత్తకుండానే, "పోయారమ్మా. సమాధి కూడా వాళ్ళ ఊళ్ళోనే చేసేశారంట" అన్నాడు. హనుమాన్ జంక్షన్ అవతల ఏదో పల్లె ఆమెది. దాని పేరు ఆయనకూ తెలియదు.

నేను వన్ టౌన్‌లో ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని చేస్తాను. మొదటిసారి నొప్పులొచ్చే రోజు వరకూ అచ్చు కాగితాల కట్టలు మోశాను. బిడ్డ దక్కలేదు. రైల్వే సమ్మె జరిగిన ఏడు మళ్ళీ నెల తప్పి డిస్పెన్సరీకి వెళ్ళాను. నర్సమ్మగారు పొట్ట తడిమి చూసి, సెలవు ఎప్పుడు పెడుతున్నావని అడిగారు. సెలవు పెడితే జీతం ఉండదనీ, తిరిగొచ్చేసరికి నా చోట ఇంకొకరు కూర్చుంటారనీ చెప్పాను. మా ఆయన లారీ ఎక్కితే వారాల తరబడి రాడు. ఇల్లు గడవాలి కదా.

ఆమె చేతులు తుడుచుకుంటూ, "కాన్పుకి సెలవివ్వాలి. ఆ రోజులకి డబ్బు ఇ.ఎస్.ఐ. వాళ్ళిస్తారు. నెలనెలా నీ జీతంలో కోసేది ఇందుకే. ఎవరి ధర్మమూ కాదమ్మాయ్, నీదే" అన్నారు.

కోత సంగతి నాకు తెలుసు. అది తిరిగొస్తుందని అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు డ్యూటీ దిగి, సెలవు కాగితం పట్టుకుని ఆమే ప్రెస్సుకి వచ్చారు. ఇలా నేర్పితే ఇక పనెవరు చేస్తారని మేనేజరుగారు విసుక్కున్నారు. ఆమె గొంతు పెంచలేదు. గుమ్మం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"సంతకం పెట్టేదాకా ఉంటానండీ. ఇంటి దగ్గర నా కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు."

మిషన్లు ఆపే వేళకి ఆయన సంతకం పెట్టారు.

పాప క్షేమంగా పుట్టింది. పని లేని ఆ వారాలన్నిటికీ డబ్బు చేతికందింది. తిరిగి వెళితే నా చోటు నాకే ఉంది.

అప్పటి నుంచీ ఆదివారాలు తెల్లచీరలో చర్చి నుంచి వస్తూ ఆమె మా ఇంటి దగ్గర ఆగేవారు. పాపని కాసేపు ఆడించి అన్నం వేళకి లేచేవారు. ఒకసారి తిని వెళ్ళమని చెయ్యి పట్టుకున్నాను. "ఇక్కడ అలవాటైతే మళ్ళీ నా గదిలో ముద్ద దిగదే" అన్నారు. ఆ తర్వాత నేను బలవంతపెట్టలేదు.

ఆమె పోయిన కబురు ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. మా ఆయన ఏ రోడ్డు మీద ఉన్నాడో. ప్రెస్సులో ఆమెను ఎరిగినవాళ్ళు అయ్యో అనుకుని మళ్ళీ సూదులు అందుకున్నారు.

నిన్న ఆదివారం. చర్చి వదిలాక కాలవ వంతెన మీదుగా తెల్లచీరల ఆడవాళ్ళు వస్తుంటే పాప గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మొహమే చూసింది. ఎవరో ఒకావిడ నవ్వుతూ చేతులు చాపింది. పాప వెళ్ళలేదు. అందరూ దాటిపోయి వంతెన ఖాళీ అయ్యాక కూడా, తలుపు రెక్క పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయింది.