పాసైన పదిహేనుమంది

"మై హస్బెండ్, లవ్," అని ఆ పెద్దావిడ అన్న క్షణాన నా కొంప మునిగిందని మొదటిసారి అనిపించింది. అంతకు నిమిషం ముందు దాకా ఆమెను ఎవరో కుర్రాడి తల్లి అనుకుంటున్నాను. ఇంగ్లండ్‌లో స్విండన్, ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా 'లవ్' అని పిలిచే ఊరు. అక్కడొక స్కూలు ఆఫీసు. అద్దాల కిటికీకి అటువైపు తడిసిన గొడుగుతో ఆమె, ఇటువైపు మెళ్లో ఐడీ కార్డు వేలాడేసుకుని నేను. ఆమె ఒక చేతిలో నేను స్వయంగా టైపు చేసి పంపిన ఉత్తరం ఉంది, రెండో చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో ఒక జత ఫుట్‌బాల్ బూట్లు. "ఆయన రాలేడు. బూట్లు తెచ్చుకోమని రాశారుగా, అందుకని బూట్లు తెచ్చాను," అంది. "పర్వాలేదు మేడమ్, మీ అబ్బాయిని వీలైనప్పుడే రమ్మనండి," అన్నాను, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. ఆమె సంచీని కిటికీ గట్టు మీద పెట్టి, "హీ పాస్డ్, లవ్," అంది మెల్లగా. "తెలుసు మేడమ్, పోయినేడే కదా, మా లిస్టులో ఉంది," అన్నాను. అయినా ఆమె ముఖంలో దిగులు తగ్గలేదు. కొడుకు ఏ దూరపు యూనివర్సిటీకో వెళ్లాడేమో, కాస్త ఊరటగా ఉంటుందని, "నేను కూడా పాస్డ్ మేడమ్, రెండేళ్లయింది. ఫస్ట్ క్లాస్!" అన్నాను. అప్పుడు అంది ఆమె ఆ మాట. మై హస్బెండ్.

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు వచ్చునని గట్టి నమ్మకం ఉండేది. (పన్నెండేళ్లు ఈ దేశంలో ఉన్నాక ఆ నమ్మకం పూర్తిగా పోయింది. ఇప్పుడు జీపీ డాక్టరుకి ఫోన్ చేసేముందు కూడా ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంటాను.) వరంగల్‌లో ఇంగ్లీషు మీడియం, హైదరాబాద్‌లో బీటెక్, ఎక్కడా ఒక్క సబ్జెక్టు పోలేదు. మా వైపు మనుషులు పరీక్ష పాసవుతారు, కాలేజీ నుంచి పాసౌటవుతారు. ఎవరైనా పోతే ఎక్స్‌పైర్ అవుతారు. పాల ప్యాకెట్టుకీ పెదనాన్నకీ ఒకటే మాట, అందులో మాకు వింతేమీ లేదు. అంతేగానీ 'పాస్డ్' అని ఎక్కడైనా కనిపిస్తే పక్కింటికి మిఠాయి పంపించాల్సిన సంగతని తప్ప మరో ఆలోచన వచ్చే అవకాశమే లేదు.

అప్పుడు రైలెక్కి పక్క ఊరి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ, వారంలో మూడు రోజులు ఆ స్కూలు ఆఫీసులో పనిచేసేదాన్ని. లేటుగా వచ్చిన పిల్లల పేర్లు రాసుకోవడం, పిల్లలు మరచిపోయిన కోట్లు భద్రపరచడం, ప్రింటర్‌ని బతిమాలడం నా పనులు. ఆ ఉద్యోగం వస్తే ఇంట్లో వాళ్లకు వీడియో కాల్‌లో కుర్చీ, కంప్యూటరు, కెటిల్ అన్నీ చూపించాను. అది పోతే మళ్లీ తెల్లవారుజామున లేచి వేర్‌హౌస్ బస్సెక్కడమే అని రోజూ భయం. ఆ స్కూలు ఫుట్‌బాల్ జట్టుని చూసుకునే సార్‌ని నేను మనసులో విజిల్ సార్ అనేదాన్ని. ఆయన విజిల్‌ని మెళ్లో వేసుకోడు, నోట్లోనే పెట్టుకుంటాడు. ఆలోచిస్తూ ఊపిరి వదిలితే సన్నగా కూత వస్తుంది. ఒకరోజు ఆయన వచ్చి, "మన ఫీడర్ లీగ్ కోసం ఒక మ్యాచ్ పెడుతున్నాం, ఉత్తరాలు నువ్వు రాయాలి," అన్నాడు.

ఆ సాయంత్రం మా రూమ్మేట్‌ని, ఖమ్మం పిల్లని, "ఫీడర్ లీగ్ అంటే ఏందే?" అని అడిగాను. "నాకు తెలిసిన ఫీడరు కరెంటుదొక్కటే. వానొస్తే పోతది," అంది అది, పప్పులో తాలింపు పెడుతూ. (తర్వాత ఆ మైదానం సంగతి చూస్తే అది చెప్పిందే కరెక్టు.) అసలు సంగతేమిటంటే, శనివారం పొద్దున స్కూలు వెనక దిగువ మైదానంలో ఏడెనిమిదేళ్ల పిల్లలకు చిన్న చిన్న జట్లు ఉంటాయి. ఒకప్పుడు స్కూలుకి ఆడి పెద్దవాళ్లయినవాళ్లే వచ్చి వాళ్లకు ఆట నేర్పుతారు. ఆ పిల్లలే పెరిగి స్కూలు జట్టులోకి వస్తారు. ఇప్పుడు ఆ పాత ఆటగాళ్లు పదిహేనుమందిని పిలిచి ఇప్పటి జట్టుతో ఆడించాలి. ఒక్కో పాత ఆటగాడు ఒక్కో చిన్నపిల్ల చేయి పట్టుకుని మైదానంలోకి రావాలి. "లేతవాళ్లని చూసి పిలువు. కాళ్లు ఇంకా పనిచేస్తూ ఉండాలి," అని చెప్పి విజిల్ సార్ వెళ్లిపోయాడు.

పాత ఆటగాళ్ల రిజిస్టరు ఒకటి బీరువాలో ఉంది. మా ఆఫీసులో నాకు ముందు పనిచేసి రిటైరైన ఒకావిడ చేతిరాత. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, చివర్లో కొందరికి మాత్రం 'పాస్డ్' అని ఒక సంవత్సరం. మిగతా చాలామందికి ఖాళీ. ఆ ఖాళీలు చూసి నాకు నిజంగా జాలేసింది. ఇంతమంది ఫెయిలా! పొద్దస్తమానం బంతి వెంట పరిగెత్తితే చదువెక్కడ అబ్బుతుంది అనుకున్నాను. అలాంటివాళ్లని పిలిచి పదిమందిలో నొప్పించడం ఎందుకని, పాసైనవాళ్లని మాత్రమే తీసుకున్నాను. అందులోనూ లేతవాళ్లు కావాలన్నాడు కాబట్టి, సంవత్సరం ఎంత దగ్గరిదైతే అంత కుర్రాడని లెక్క వేసి, చివరి పదిహేనుమందిని ఏరాను. అందరికన్నా ఆఖరున, పోయినేడే పాసైనతన్ని కెప్టెన్‌గా వేశాను. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లని జతచేసి, 'మీ చేయి పట్టుకోవడానికి ఫలానా చిన్నారి ఎదురుచూస్తూ ఉంటుంది, మీ బూట్లు మరచిపోకండి' అని నా సొంత కవిత్వం కూడా జోడించి, సోమవారం పోస్టు చేశాను. అంత శ్రద్ధగా నేను నా డిసర్టేషన్ కూడా రాయలేదు.

పెద్దావిడ కిటికీ దగ్గరికి వచ్చింది గురువారం. హస్బెండ్ అన్నాక గానీ ఇక్కడ పాస్డ్ అంటే పోయారని అర్థమని నాకు వెలగలేదు. వెనక్కి తిరిగి రిజిస్టరు తెరిచి చూశాను. పదిహేను పేర్లూ నా వైపే చూస్తున్నట్టున్నాయి. బతికున్నవాళ్లలో ఒక్కరికి కూడా నేను ఉత్తరం రాయలేదు.

"సారీ మేడమ్, సారీ," అంటూ ఏడుపు మొదలుపెట్టాను. ఓదార్చాల్సిన మనిషిని నేను, ఓదారుస్తున్నది ఆమె. కిటికీ సందులోంచి ఒక టిష్యూ ఇటు తోసింది. "తిడదామనే బయల్దేరాను. బస్సులో మళ్లీ చదివాను. ఆయన్ని కెప్టెన్ అని రాశావు. ఆయన ఎప్పుడూ కెప్టెన్ కాదు తల్లీ. రిజర్వ్ గోల్‌కీపరు. స్కూల్లో ఉన్నన్నాళ్లూ బెంచీ మీదే కూర్చున్నాడు. చదివితే ఎంత నవ్వుకునేవాడో," అంది. నవ్వలేదు మాత్రం. బూట్లు రాత్రి టూత్‌బ్రష్‌తో తోమానని చెప్పింది. తర్వాత ఉత్తరంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి అడిగింది: "ఈ పాప ఎవరో ఎదురుచూస్తూ ఉంటుందని రాశావు. ఆయన రాడని ఆ పాపకి చెప్పారా?"

చెప్పలేదు. పదిహేనుమంది పిల్లలకూ శనివారం తమ చేయి ఎవరు పట్టుకుంటారో పేర్లు రాసిచ్చేశాం. వాళ్లు ఆ పేర్లు ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకుని ఉంటారు. ఉద్యోగం పోతుందన్న భయం అప్పటిదాకా ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఇది కూడా వచ్చి కూర్చుంది.

విజిల్ సార్ దగ్గరికి వెళ్లి చెప్పడానికి కారిడార్‌లో మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. "ఎంతమంది వస్తున్నారు?" అన్నాడు ఆయన, నన్ను చూడగానే.

"ఎవరూ రారు సార్."

"ఎందుకు? అందరూ బిజీనా?"

"లేదు సార్. అందరూ... పాస్డ్."

ఆయన నోట్లోంచి ఎప్పుడూ లేనంత పొడుగు కూత వచ్చింది. అది ఆగాక, "ఒక్కడంటే ఒక్కడు, బతికున్నవాడు దొరకలేదా నీకు?" అన్నాడు.

"బతికున్నవాళ్లంతా ఫెయిలయ్యారనుకున్నాను సార్."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పదిహేనుమందిలో నలుగురికి ఆయనే ఆట నేర్పాడని తర్వాత తెలిసింది. ఇటు తిరిగి, "ఉత్తరం రాసింది నువ్వు. ఫోన్లు కూడా నువ్వే చెయ్యాలి, మేట్. బతికున్నవాళ్లని నేను చూసుకుంటాను. ఇంకొక మాట. పోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఇక నుంచి 'డైడ్' అను. ఆ మాటకి రెండో అర్థం లేదు," అన్నాడు.

గురువారం, శుక్రవారం పద్నాలుగు ఇళ్లకు ఫోన్ చేశాను. (ఫోన్‌లో నా యాస విని మొదటాయన ఏదో కాల్ సెంటర్ అనుకుని పెట్టేశాడు. మళ్లీ చేశాను. మళ్లీ పెట్టేశాడు.) ఒకావిడ నా మేనేజర్ పేరు అడిగి రాసుకుంది. ఒకావిడ ఫోన్ పెట్టేయకుండా బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది, వెనక టీవీలో ఎవరో నవ్వుతున్నారు. ఒక కొడుకు మాత్రం, "మా నాన్నని వెనక ఫుల్‌బ్యాక్‌గా వేయకండి, ముందు వరసలో ఆడతాడని రాసుకోండి," అని, "కిక్ ఆఫ్ ఎన్నింటికి?" అని అడిగాడు. ఎనిమిదో ఫోన్ తర్వాత టాయ్‌లెట్‌లోకి వెళ్లి గోడకు తల ఆనించి నిలబడ్డాను. అమ్మకు చేయాలనిపించింది. చేస్తే ఏం చెప్పాలి? చచ్చిపోయినవాళ్లని ఆటకు పిలిచానమ్మా అని చెప్పాలా?

శనివారం ఒకటే వాన. విజిల్ సార్ ఎక్కడెక్కడినుంచో తొమ్మిదిమంది బతికున్నవాళ్లని పట్టుకొచ్చాడు. టీషర్టులు పొట్టల దగ్గర ఆగిపోయాయి. నేను ఫోన్ చేసిన ఇళ్లనుంచి ముగ్గురే వచ్చారు. పెద్దావిడ, ఆ కిక్ ఆఫ్ కొడుకు, మొదట రెండుసార్లు ఫోన్ పెట్టేసినాయన. పిల్లలు తెల్లగీత వెంట వరసగా, ఒక్కొక్కరూ ఒక చేయి పక్కకి చాచి నిలబడ్డారు. పెద్దవాళ్లు వచ్చి ఒక్కో చేయి అందుకుంటూ పోయారు. చివరికి మూడు చేతులు అలాగే మిగిలాయి. ఒక చేతిని ఆ పిల్లవాడి అమ్మ పట్టుకుంది. ఒకటి విజిల్ సార్ పట్టుకున్నాడు. మూడోదాని దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. వాడు చేయి కాసేపు అలాగే ఉంచి, ఇక ఎవరూ రారని తెలిసి, జేబులో పెట్టుకున్నాడు.

మైకులో కెప్టెన్ పేరు చదివారు. పెద్దావిడ ఒక చేత్తో పాపని, ఒక చేత్తో బూట్ల జతని పట్టుకుని బురదలో మెల్లగా నడిచింది. "నువ్వు కెప్టెన్‌వా?" అని అడిగింది పాప. "ఈ ఒక్క పూటకి," అంది ఆవిడ. వెళ్లేటప్పుడు బూట్లు తీసుకెళ్లలేదు. విజిల్ సార్ వాటిని కిట్ రూమ్‌లో కొక్కేనికి తగిలించాడు.

సోమవారం నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ టర్మ్ అయ్యాక వచ్చిన కొత్త రోటాలో, అదే డ్యూటీల పట్టికలో, మాత్రం నా పేరు లేదు. వేర్‌హౌస్ బస్సులో రూమ్మేట్ నా పక్కన కూర్చుని, "ఫీడర్ ట్రిప్ అయింది," అంది. ఇద్దరం నవ్వాం. నేను కాస్త ముందే ఆపేశాను.

ఇదంతా ఈ రాత్రి కూర్చుని రాయడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల మావాడు ఇప్పుడు అదే దిగువ మైదానంలో, అదే చిన్నపిల్లల జట్టులో ఆడుతున్నాడు. ("మమ్, కిట్ రూమ్‌లో ఎవరో డెడ్ మ్యాన్ బూట్లున్నాయి," అని మొన్న చెప్పాడు కూడా.) రేపు మళ్లీ పాత ఆటగాళ్ల మ్యాచ్. వాడి చేయి పట్టుకోవాల్సింది విజిల్ సారే. రిటైరైనా శనివారాలు మానలేదాయన. ఆ పేరు మా ఫ్రిజ్ మీద ఉంది. సాయంత్రం పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సార్ గుండెపోటుతో పాస్డ్ అవే అని, అయినా మ్యాచ్ ఆపడం లేదని. ఆయనకు కూడా ఆ మాటే వాడారు. పిల్లలు అప్పటికే నిద్రపోయారు. "పొద్దున నేను చెప్తలే, పడుకో ఇగ," అన్నాడు మా ఆయన. పడుకోలేకపోయాను. అందరు పిల్లల్లోకీ మావాడి చేయే గాల్లో మిగిలిపోతుందని, వాడు దాన్ని జేబులో పెట్టుకుంటాడని ఒకటే ఆలోచన. డైడ్ అని సూటిగా చెప్పాలని పదిసార్లు అనుకున్నాను.

తెల్లారింది, చెప్పడం కూడా అయింది. మిగతా నాలుగు ముక్కలూ బూట్ల లేసులు కట్టి వచ్చి రాస్తున్నాను. సీరియల్ గిన్నెల ముందు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి నోరు తెరిస్తే వచ్చింది మా నానమ్మ మాట: "విజిల్ సార్ కాలం చేసిండు బిడ్డా."

మావాడు స్పూన్ ఆపాడు. వాడికి కాలం అంటే తెలుసు, చేయడం అంటే తెలుసు. "హీ మేడ్ టైమ్?" అన్నాడు ముఖం విప్పార్చుకుని. "ఫర్ అస్?"

ఇరవై మూడేళ్ల నా మొహం ఒకటి కిటికీ అద్దంలోంచి నన్ను చూసి నవ్వినట్టయింది. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. వాడి చెల్లెలు తన టోస్టు నాకు ఇవ్వబోయింది.

"అవును బిడ్డా, మీ కోసమే చేసిండు. ప్రతి శనివారం చేసిండు," అన్నాను. "ఇప్పుడు చచ్చిపోయిండు. ఈరోజు రాడు. నువ్వు చెయ్యి మాత్రం జేబులో పెట్టుకోకు. నేను వస్తా."