ఉమామహేశ్వర్లు రిహార్సళ్ళు

గిద్దలూరులో ఇనుప సామాన్ల దుకాణం నడిపే ఉమామహేశ్వర్లుకి ఒకే ఒక్క జబ్బుంది. రిహార్సల్ లేకుండా ఎక్కడికీ కదలడు. రేపు పెళ్ళనగా ఇవాళే కళ్యాణమండపానికి వెళ్ళి, ఏ కుర్చీకి ఫ్యాను గాలి బాగా తగులుతుందో కూర్చుని మరీ చూసి వస్తాడు. ఒంగోలు బస్సెక్కాలంటే ముందురోజు బస్టాండుకెళ్ళి, ఉత్త చేతులతో బస్సెక్కి దిగి వస్తాడు. కండక్టర్లకు అలవాటైపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసిన భార్య రామతులసమ్మకు మాత్రం అలవాటు కాలేదు. మొదట్లో నవ్వేది, తర్వాత తిట్టేది. ఇప్పుడు రెంటికీ ఓపిక లేదు.

ఈసారి ఆమె అడిగింది చిన్న కోరిక. ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డు పల్లెలో ఓ చిన్న మ్యూజియం ఉంది. పాత తెడ్లు, వలలు, ఉప్పు వ్యాపారం నాటి సామాన్లు పెట్టారు. ఆమె నాయన వయసులో ఉండగా ఆ తీరం నుంచే ఉప్పు తెచ్చి ఇటు పల్లెల్లో అమ్మేవాడు. ఆయన ఉప్పు కొలిచిన చెక్క కుంచానికి చెద పడుతోందని తమ్ముడు ఫణికృష్ణ దాన్ని ఆ మ్యూజియానికి ఇచ్చేశాడు. అక్కను మాట మాత్రం అడగలేదు. వచ్చే నెలలో ఆమెకు మోకాళ్ళ ఆపరేషన్. మత్తుమందు ఇచ్చాక మళ్ళీ కళ్ళు తెరుస్తానో లేదోనని లోపల భయం. ఆలోగా నాయన చెయ్యి పడ్డ ఆ కుంచాన్ని ఒక్కసారి తాకి చూడాలి. అంతే.

"ఆదివారం పోదాం. ముందు ప్లాను చేయాల," అన్నాడు ఉమామహేశ్వర్లు.

అతనికి మ్యూజియమైనా హోల్‌సేల్ గోడౌనైనా ఒకటే. వెంటనే ఫోను తీశాడు.

"హలో, మీ కాడ సరుకు ఏమేముంది? అంతా కిందనే ఉందా, మిద్దె మీద కూడా ఉందా? ఆదివారం దాకా అయిపోదు గదా?"

అవతల ఫోనెత్తిన ఫెబీ అక్కడి ఉద్యోగిని. పాపం, ఓపికగా చెప్పింది. "ఇక్కడ ఏదీ అమ్మమండీ. వచ్చి చూసి వెళ్ళడమే."

"అదే మేలు. కూర్చుని చూడొచ్చునా, నిలబడే చూడాల్నా?"

మర్నాడు దుకాణం వెనక గోడౌన్‌లో రిహార్సల్ పెట్టాడు. పెయింటు డబ్బాలు పడవలు. పైపులు తెడ్లు. రామతులసమ్మ కర్ర పట్టుకుని వాటి మధ్య నడవాలి.

"ఇది పడవ. చూడు."

"పెయింటు డబ్బా అండి ఇది."

"పడవ అనుకోవాల. ఇట్లనే కాసేపు నిలబడు. మోకాలు నొచ్చిందా?"

"మోకాలు కాదు, ప్రాణం నొచ్చింది."

ఆదివారం రానే వచ్చింది. సరుకు లోడు చూసుకోవాలంటూ ఉమామహేశ్వర్లు పొద్దున్నే మార్కాపురం బస్సెక్కాడు. తర్వాతి ఆదివారమూ అదే లోడు, అదే బస్సు. కారు తుడిచి పెట్టుకుని కూర్చున్న ఫణికృష్ణ, "అక్కా, బావ ప్లాను అయ్యేలోపు సముద్రమే గిద్దలూరుకు వస్తాది," అన్నాడు. రామతులసమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి మ్యూజియం మాటే ఎత్తలేదు. అడిగి అడిగి ఆమెకు విసుగు కూడా మిగల్లేదు.

తీరా ఒక గురువారం, అన్నం తింటూ, "రేపు పోతుండాం," అన్నాడతను. ఎందుకు రేపు, ఎందుకు ఇన్నాళ్ళు పట్టిందని ఆమె అడగలేదు. చీర మడత పెట్టుకుంది.

మ్యూజియం పాత ఉప్పు కొట్టు. లోపలికి దారి చీకటిగా ఉంది. కారు నడిపి తీసుకొచ్చిన ఫణికృష్ణ తల ద్వారబంధానికి ఠంగున కొట్టుకుంది. అతని ముందు నడిచిన ఉమామహేశ్వర్లు మాత్రం సరిగ్గా అక్కడికి రాగానే వంగాడు.

రామతులసమ్మ ఆగింది. "ఏమండి, మీరు ఇంతకుముందు ఈడికి వచ్చినారా?"

"నేనా? నాకు ఈ ఊరి పేరే సరిగా తెలవదు."

అప్పుడే ఓ నల్లకుక్క తోకాడిస్తూ వచ్చి అతని మీదికి ఎగబడింది. జేబులో మూతిపెట్టి బిస్కెట్ల కోసం వెతికింది.

"కుక్కలకు నేనంటే ఇష్టం," అన్నాడు. గిద్దలూరులో కుక్కలు అతన్ని వీధి చివర దాకా తరుముతాయి.

ఫెబీ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంకెందుకండీ దాస్తారు? అమ్మా, ఉప్పు కుంచం మిద్దె మీద ఉండేది. మెట్లు బాగా నిటారు. మీ కాళ్ళకు కుదురుతుందో లేదో చూస్తానని, అంకుల్ మొన్నొక ఆదివారం వచ్చి, రెండు కాళ్ళకూ పైపు ముక్కలు కట్టుకుని, మోకాళ్ళు వంచకుండా ఎక్కబోయారు. మధ్యలోంచి దొర్లి నా టేబులు దగ్గర తేలారు."

"దొర్లలేదు. దిగినా," అన్నాడు ఉమామహేశ్వర్లు.

"ఆ తర్వాత మా కమిటీ పెద్దల చుట్టూ తిరిగి, కుంచాన్ని కిందికి దించడానికి ఒప్పించారు. నిన్న సరేనన్నారు. ముట్టుకోవడానిక్కూడా పర్మిషన్ తీసుకున్నారు. మామూలుగా ఎవర్నీ ముట్టుకోనివ్వమమ్మా."

కిటికీ పక్కన, ఒక కుర్చీ ముందు, పీట మీద కుంచం ఉంది. రామతులసమ్మ కూర్చుని దాని అంచు చుట్టూ అరచేత్తో నిమిరింది. నాయన గుర్తుకొచ్చాడు. మొగుణ్ణి ఇన్నాళ్ళు మనసులో తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

తిరుగు దారి పట్టారు. ఒంగోలు దాటాక ఆమే మెల్లగా అంది. "ఆపరేషన్‌కు మాత్రం రిహార్సల్ ఉండదు గదండి. నాకు భయమైతాంది."

ఉమామహేశ్వర్లు గొంతు సవరించుకున్నాడు. "మొన్న ఆస్పత్రికి పోయినా. ఆ బల్ల మీద ఒకసారి పండుకుంటానంటే సిస్టరు తిట్టి బయటికి పంపింది. అయినా రెండు నిమిషాలు పండుకున్నాలే. భయమేం లేదు. పైన లైటు కళ్ళల్లో పడతాది, కళ్ళు మూసుకో. ఏసీకి పాదాలు జిల్లుమంటాయి, అంతే. దానికి ఉన్ని సాక్సులు కొన్నా."

"ఏవీ?"

అతను మొహమాటపడుతూ పంచె కాస్త పైకెత్తాడు. ఎర్రటి ఎండలో, రెండు కాళ్ళకూ మందపాటి ఉన్ని సాక్సులు.

"గుచ్చుకుంటాయేమోనని నాలుగు రోజుల్నుంచి నేనే వేసుకుని చూస్తుండా," అన్నాడు.

ఫణికృష్ణ నవ్వు ఆపుకోలేక కారు పక్కకు ఆపాడు. రామతులసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు చెయ్యి చాపింది.

"ఇప్పేయండి ఇంక. ఉతికి నేను వేసుకోవాల గదా."