గాలిని కూడా తూచిన మామ

పక్కింటి మామ కడప ఆసుపత్రిలో పోయారని అత్త ఫోన్ చేసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. వంటింటి కిటికీలోంచి ఆయన రేడియో టవర్ వైపు చూశాను. అది పూర్తి ఎత్తులో నిలబడి ఉంది. గుండె పట్టేసిందని పొద్దున ఆయనను కారెక్కించిన తొందరలో ఎవరూ దాన్ని దించలేదు. ప్రొద్దుటూరులో ఆషాఢం గాలి అప్పటికే మొదలైంది. అంత మంచి మనిషి పోతే టవర్ గుర్తొచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మామ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే రేడియోలో ఊరూరి వాళ్ళతో మాట్లాడేవారు. దాన్ని హాం రేడియో అంటారని నాకు చెప్పింది ఆయనే. మా రెండిళ్ళ మధ్య గోడ పక్కనే టవర్. మూడు ఇనుప గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. కింద పిడి తిప్పితే ఉక్కుతాడు లాగి ఒక్కొక్కటే పైకి లేస్తాయి. దించితే మిద్దె పిట్టగోడంత ఉంటుంది. ఎత్తితే మా వీధిలో దాన్ని మించింది లేదు. అడుగు గొట్టం మీద ఆయన తెల్ల పెయింటుతో రాసుకున్నారు: "ఎత్తితే 10 కిలోలు. గాలి ఉంటే ఎత్తరాదు."

ఎత్తినప్పుడు కొసన అంతకు మించి బరువు ఉండకూడదని. ఆ పది కిలోల దగ్గరే నాకూ ఆయనకూ స్నేహం. చింతపండు తూచుకోవడానికి నా దగ్గర ఒక కొక్కెం కాటా ఉంది. మామ కొత్త ఆంటెన్నా చేసినప్పుడల్లా గోడ దగ్గరికొచ్చి కాటా అడిగేవారు. ఆంటెన్నా ఒక్కటే కాదు, బోల్టులు, పట్టీలు, పై నుంచి వేలాడే వైరు, అన్నీ తూకానికి రావాల్సిందే. ఆయన పట్టుకునేవారు, నేను ముల్లు చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. మీరే చూసుకోవచ్చు గదా మామా అని మొదటిసారి అడిగాను.

"ఇష్టమైన దాని బరువు మన కండ్లకు తక్కువ కనపడ్తాది పాపా. నాకు ఆంటెన్నా అంటే ఇష్టం, నీకు కాదు. నువ్వే సూడు."

నిజమే, నాకు ఇష్టం లేదు. అది పడితే మా మిద్దె మీదే పడుతుంది. గాలి వీచిన రోజు నేను మిద్దె మీద బట్టలు కూడా ఆరేసేదాన్ని కాదు. భయపడొద్దని మామ ఎప్పుడూ చెప్పలేదు. గోడ అవతలికి పిలిచి పిడి ఎలా తిప్పాలో నేర్పారు. భయమున్నోళ్ళ చేతిలోనే పిడి ఉండాలని అనేవారు.

ఒకసారి ఎన్నికలప్పుడు ఒకాయన వచ్చి టవర్ కొసన పార్టీ జెండా కట్టిస్తానన్నాడు. ఎంత మామా, పావుకిలో కూడా ఉండదన్నాడు. మామ కాదనలేదు. ఆయననే మిద్దె మీదికి తీసుకుపోయి, ఆ జెండాను పొడుగాటి కర్రకు కట్టి, ఒంటిచేత్తో పట్టుకోమన్నారు. ఒక్క గాలికి కర్రతో పాటు ఆయన కూడా తిరిగిపోయాడు.

"సరేలే మామా, నువ్వు అవతల పార్టీ అని తెలిసిపాయ."

"నాది గాలి పార్టీ అప్పా. యాడికి పోతాదో నాకే తెల్దు."

అందుకే, మామ పోయిన నాలుగో రోజు పొద్దున టవర్ చూసి గోడ దగ్గరికి పరుగెత్తాను. జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆయన తమ్ముడు చిన్నమామ, అన్న ఫోటోతో ఒక పెద్ద ఫ్లెక్సీ చేయించి, టవర్ కొసన ఉన్న కప్పీ తాడుతోనే పైకి లాగించాడు. మామ ముఖం వీధంతటికీ కనిపిస్తోంది. దుఃఖంలో ఉన్న ఇంట్లోకి పోయి టవర్ దించుతాననడానికి ఆ మూడు రోజులూ నాకు మొహం చెల్లలేదు. ఆంటెన్నా కూడా పైనే ఉంది. దానిది, బోల్టులతో సహా, తొమ్మిది కిలోల ఏడు వందల గ్రాములని నా బుక్కులో ఉంది. మరుసటి రోజు ఐదో దినం కర్మ. షామియానా సరిగ్గా టవర్ కిందే వేస్తున్నారు.

దించమని చిన్నమామను అడిగాను. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏందిమ్మా, మా అన్న ఫోటో బరువైందా మీకు? కిలోన్నర గూడా ఉండదే."

ఇంటికెళ్ళి కాటా తెచ్చాను. ఫ్లెక్సీ కింది మూలల తాళ్ళు మామ మిద్దె ఎత్తులో టవర్‌కే కట్టి ఉన్నాయి. మిద్దె ఎక్కి అందులో ఒకటి విప్పించి, కాటా కొక్కేనికి తగిలించి, చిన్నమామ చేతికే ఇచ్చాను. చదవమన్నాను. గాలి ఆగి ఉన్నప్పుడు ముల్లు ఒకటి దగ్గర ఉంది. చిన్నమామ నా వైపు చూశాడు. నేనే తప్పేమో అనుకున్నాను. అంతలో పడమటి నుంచి గాలి వచ్చింది. ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. చిన్నమామ రెండో చెయ్యి కూడా వేశాడు.

"పద్నాలుగు," అన్నాడు మెల్లగా. "ఒక్క మూలకే."

కింద నుంచి అత్త అంతా వింటోంది.

"దించండప్పా. ఆయనే ఉంటే ఈపాటికి శానా తిట్టేటోడు."

ముందు ఫ్లెక్సీ దించాము. పై నుంచి ఒక్కసారి ఇనుము మూలిగినట్టయింది. షామియానా వాళ్ళను వీధిలోకి పంపేశాము. గాలి తెరిపి ఇచ్చేదాకా ఆగి, నేను పిడి పట్టుకున్నాను. చిన్నమామ తిప్పుతానన్నాడు గానీ ఇవ్వలేదు. పిడి చక్రంలో ప్రతి పంటికీ టక్కుమని శబ్దం వచ్చేది, మామ తిప్పుతుంటే నా వంటింట్లోకి వినిపించేదే. తొందరపడితే తాడు వదులవుతుందని ఆయన అన్నది గుర్తుంచుకుని నిదానంగా తిప్పాను. ఒక గొట్టం రెండోదానిలోకి, రెండోది మూడోదానిలోకి దూరిపోయాయి. ఆంటెన్నా పిట్టగోడ దగ్గరికి వచ్చి ఆగింది.

ఫ్లెక్సీని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మడిస్తే ముఖం మీద మడత పడుతుందని చిన్నమామ ఒప్పుకోలేదు. మిద్దె మీద పరిచి నాలుగు మూలలా నాలుగు కడప రాళ్ళు పెట్టాము. అందరూ కిందికి దిగారు. నేను కాటా తీసుకోవడానికి వెనక్కి వెళ్ళాను. గాలి మళ్ళీ మొదలైంది. అది కిందికి దూరడంతో ఫ్లెక్సీ, మామ ఛాతీ దగ్గర కొంచెం లేచి, మెల్లగా కుంగుతోంది, మళ్ళీ లేస్తోంది.