లియాఖత్ భాయ్ నీళ్ళ మందు

లియాఖత్ అలీ మనుషులను నమ్ముతాడు. ఏజెంట్లను నమ్ముతాడు. వచ్చే ఏడాది కొత్త ఏసీ పెట్టిస్తామన్న కంపెనీ మాటను కూడా నమ్ముతాడు. నమ్మనిది ఒక్క కుళాయి నీళ్ళనే.

దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలోని ఆ ఫ్లాటులో ఆరుగురు మగవాళ్ళకు ఒకటే గది. గది బయట సన్నని హాలు, హాలు చివర బాత్రూమ్. హాల్లో ఒక గాజు తొట్టి, అందులో ఒకే ఒక బంగారు చేప. దాని పేరు బేగం. ఆ ఫ్లాటులో సొంత ఇల్లున్నది బేగంకొక్కదానికే.

శుక్రవారం పొద్దున బేగంకు నీళ్ళు మారుస్తారు. ఎండాకాలం దోహాలో చల్లనీళ్ళ కుళాయి తిప్పితే చాయ్ పెట్టుకోవచ్చు. అందుకని గీజర్ స్విచ్ ఆపేసి, అందులో చల్లబడ్డ నీళ్ళతో స్నానాలు చేస్తారు. ఆ కాసిని నీళ్ళ మీద కూడా మొదటి హక్కు బేగందే. లియాఖత్ బకెట్ నింపి, నీలం సీసాలోంచి మందు చుక్కలు వేసి, బాత్రూమ్ తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

"నీళ్ళల్ల క్లోరిన్ ఉంటది భాయ్. మందు దాన్ని ఎతికి ఎతికి చంపాలె. టైం పడ్తది. సబర్. ఓపిక పట్టాలె."

నడుముకు తువ్వాళ్ళు చుట్టుకుని హాల్లో నిలబడ్డవాళ్ళకు డ్యూటీలు కూడా ఉన్నాయి. నగేష్ టార్చి పట్టాలి. ఒకడు వల, ఒకడు ఖాళీ బకెట్. రాజేందర్‌ది థర్మామీటర్. కంపెనీలో ఇంత క్రమశిక్షణ ఉంటే దోహాలో కట్టడానికి ఇంకేమీ మిగిలేది కాదు.

డ్యూటీ లేనిది లస్మయ్యకొక్కడికే. ఇక్కడే నెత్తి నెరిసిన జగిత్యాల మేస్త్రి ఆయన. "కాకా, నిన్ను చూస్తే బేగం తిండి మానేస్తది. నువ్వు గదిలనే ఉండు" అని లియాఖత్ ఎప్పుడో వెలివేశాడు. లస్మయ్య తలవంచుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటాడు. ఇంత అవమానాన్ని ఇంత హాయిగా భరించే మనిషిని రాజేందర్ ఎక్కడా చూడలేదు.

రాజేందర్‌కు అంత ఓపిక లేదు. పెళ్ళైన కొత్తలోనే విమానమెక్కినవాడు. ఐదుగురు చెవులు రిక్కించుకుని ఉన్న గదిలో భార్యతో అతను మాట్లాడగలిగినవి "ఊ", "ఆ", "తిన్న". పోయిన వారం సుమలత తేల్చి చెప్పింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్ పోయినంక మాటలు కూడ కంపెనీకే ఇచ్చినవా? వచ్చే శుక్రారం గిట్లనే ఊ అంటే, ఇగ నేను ఫోనెత్తనే ఎత్త."

బయట ఎండలో నిలబడితే మనిషి కన్నా ముందు ఫోను సొమ్మసిల్లుతుంది. స్నానం తొందరగా అయితే బస్సెక్కి అబూ హమూర్ పోయి, ఏదైనా మాల్‌లో ఓ మూల నిలబడి, సుమలత డ్యూటీకి పోకముందే మాట్లాడొచ్చు. మధ్యలో అడ్డం బేగం.

గురువారం సాయంత్రం రాజేందర్ పెంపుడు చేపల దుకాణానికి పోయి, దుకాణదారు నిజాముద్దీన్‌ను మందు సంగతి అడిగాడు. అతను నవ్వాడు. మందు పని రెండు నిమిషాలేనట. చచ్చిన క్లోరిన్ మళ్ళీ లేవదట. కొత్త నీళ్ళు పోసినప్పుడు కొత్త చుక్కలు, అంతే. మూత బిగించి నీడన పెడితే, తెరిచిన సీసా ఏడాది దాకా పనిచేస్తుందట. రాజేందర్ ఆ మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. హత్యకేసులో కూడా ఇంత పకడ్బందీ సాక్ష్యం ఉండదు.

శుక్రవారం లియాఖత్ సబర్ అనగానే, రాజేందర్ థర్మామీటర్ పట్టుకునే సవాలు చేశాడు. "ఆగు భాయ్, ఫోన్ తెస్త. అందరు వినాలె."

చార్జింగ్‌లో ఉన్న ఫోను కోసం గది తలుపు కొద్దిగా తోశాడు. లస్మయ్య గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడని మనిషి, చెవికి ఫోను ఆనించుకుని, ఊళ్ళో ఉన్న భార్యతో పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

"ఎవ్వలు లేరే ముత్తవ్వా. అందరు చేప కాడ ఉన్నరు. నవ్వకు మరి, పాడుత." ఇటుకల మధ్య గరగరలాడే ఆ గొంతు బతుకమ్మ పాట ఎత్తుకుంది.

రాజేందర్ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఏమాయె? ఫోన్ తెస్తనంటివి?" అన్నాడు లియాఖత్.

"చార్జింగ్ కాలే భాయ్."

లియాఖత్ అతని మొహం కాసేపు చూశాడు. తరవాత నీలం సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుని, పెద్ద డాక్టరులా పెదవి విరిచాడు. గదిలో పాట ఆగి, లస్మయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అయిందా?"

"ఏడయింది కాకా. సీసా తెరిచి ఏడాది దాటింది, పవర్ తగ్గింది. ఇయ్యాల్టి నుంచి రెండో బకెట్ కూడ పట్టాలె."

నగేష్ టార్చి ఆర్పేసి తల గోడకు కొట్టుకున్నాడు. రాజేందర్‌కు తెలుసు, ఆ సీసా పోయిన నెలే కొన్నది.

"రాజేందర్, ఆ థర్మామీటర్ కాకకియ్యి. నిన్ను చూసి బేగం బెదురుతున్నది. గదిలకు పో. తలుపేసుకో."

రాజేందర్ లోపలికి పోయి తలుపేసుకుని సుమలతకు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తింది. పేరు పెట్టి పిలిచాడు. ఏం చెప్పాలో తెలియక, గీజర్ దగ్గర మొదలుపెట్టి బేగం దాకా అన్నీ చెప్పాడు.

"ఊ" అంది సుమలత.

హాల్లో ఎవరో స్నానం గురించి అరుస్తున్నారు. లియాఖత్ గొంతు తొణకలేదు.

"సబర్ భాయ్. పాత మందు."